గూటి కొలతకు వేసిన బొమ్మ

ఆ చలి ఉదయం, మేముంటున్న పరదేశపు ఊళ్ళో గంగాలిన్ పేటకు వెళ్ళే ట్రామ్‌లో మా అమ్మాయి ఒళ్ళో ఒక పుస్తకం ఉంది. యూరప్ మ్యూజియాలకు చేరిన పర్షియన్ బొమ్మల పుస్తకం అది. తెరిచిన పేజీలో, పైభాగం గుండ్రంగా వంపు తిరిగిన బొమ్మలో, కలిసిన కనుబొమలతో నిలువెత్తు నాట్యగత్తె.

"అమ్మా, వై ఈజ్ ద టాప్ రౌండ్?"

"అప్పట్లో ఫ్రేములు అలాగే చేసేవాళ్ళులే," అన్నాను, ఏదో తెలిసినదానిలా.

పాప ప్రశ్న విని ఎదుటి సీట్లోని పెద్దావిడ ముందుకు వంగింది. తనది ఇరాన్ అంది. మంచుపట్టిన కిటికీ అద్దం మీద వేలితో తలుపు ఆకారంలో కమాను గీసి, లోపలంతా అరచేత్తో తుడిచింది.

"మా మేడల గోడలకు ఇలాంటి గూళ్ళుండేవి," అంది నెమ్మదైన ఇంగ్లీషులో. "గూటి కొలతకే బొమ్మ వేసేవాళ్ళు. తరవాత ఊడదీసి, చుట్టచుట్టి అమ్మేశారు. పైదేశాలవాళ్ళు పట్టుకుపోయారు." నాట్యగత్తె ఒంటి మీది అడ్డగీతలు తడిమింది. "ఇవి ఆ చుట్టిన గుర్తులు."

ఆ గీతల్ని నేను పాతబడ్డ రంగు అనుకున్నాను. మనిషంత బొమ్మ చాపలా చుట్టుకుని సముద్రాలు దాటిందని విని, పుస్తకం దగ్గరికి లాక్కుని మళ్ళీ చూశాను.

"హ్యావ్ యూ సీన్ హర్?" అంది పాప.

"లేదు. నేను చూసినవి ఖాళీ గూళ్ళే."

ఆవిడ తరవాతి స్టాపులో దిగి, కోటు బొత్తాలు పెట్టుకుంటూ మా కిటికీ ఎదురుగా నిలబడింది. తుడిచిన కమానులో తలనుంచి పాదాల దాకా సరిగ్గా ఇమిడింది. పాప నా చెయ్యి పట్టుకుంది.

ట్రామ్ కదిలింది. ఈసారి గూడు వెళ్ళిపోయింది, బొమ్మ అక్కడే నిలబడింది.