గుడ్డు బండికి గుమ్మడికాయ

ఆ రోజుల్లో నాకు జీతం తక్కువ, జుట్టు ఎక్కువ, పౌరుషం మరీ ఎక్కువ. (జీతం తరవాత కొద్దిగా పెరిగింది. జుట్టు సంగతి అడగకండి.) జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో, ఫిర్యాదుల విభాగంలో పనిచేసేవాణ్ణి. ఎక్కడైనా ఒక ముక్క విరిగిందంటే దానికి ఫొటోలు తీసి, ‘ఎందుకు?’ అని ఐదుసార్లు ప్రశ్నించుకుని, తప్పు ఎవరిదో తేల్చి, ఎనిమిది అంచెల్లో రిపోర్టు రాయడం నా పని. నా కోసమే పుట్టిన ఉద్యోగం అది అని మా ఆవిడ అంటుంది. నా పెళ్లిలోనే మా మేనమామ రెండోసారి పప్పు వడ్డించకుండా నన్ను దాటిపోయిన సంగతి నేను ఈరోజుకీ చెప్పగలను, అది ఎన్నో బంతో, నేను ఎటునుంచి ఎన్నో విస్తరి ముందు కూర్చున్నానో వాటితో సహా. అలాంటి జ్ఞాపకశక్తి ఉన్న నేను ఒక ముసలాయన మంచి పేరుకు ఎలా ఎసరు పెట్టానో చెబుతాను. నవ్వండి, పర్వాలేదు. నాకు మాత్రం ఇప్పటికీ ఇది చెబుతుంటే చెవులు వేడెక్కుతాయి.

కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే బుల్లి ఫైబర్ గ్లాస్ ట్రైలర్ ఒకటి కొన్నాం. తెల్లగా, గుండ్రంగా, అచ్చం కోడిగుడ్డులా ఉండేది. లోపల ఒక బల్ల, దాన్ని మడిస్తే మంచం, మూలన పొయ్యి. అంతే. సెలవుల్లో ఎక్కడికి పోయినా మన వంట మనం చేసుకోవచ్చని ఆశ. అమ్మినాయన డెబ్బై దాటిన మనిషి. మా ఊరికి గంట దూరంలో చెరువు పక్కన ఒక క్యాంపింగ్ స్థలం ఉంది. వేసవంతా ఆయన మకాం అక్కడే. ఆ స్థలంలో ఎవరి బండి తలుపు పట్టేసినా, ఎవరి నీళ్ల పంపు మొరాయించినా ఆయన దగ్గరికే తెచ్చేవారు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, పెట్టె తెరిచి, బాగుచేసి ఇచ్చేవాడు. డబ్బు తీసుకునేవాడు కాదు, కేకు ముక్క ఇస్తే తీసుకునేవాడు. ‘ఆయన చూశాడు’ అంటే చాలు, అక్కడివాళ్లకు ఇంకెవరూ చూడక్కర్లేదు. మేమిద్దరం ఆయనకు గుడ్డు తాత అని పేరు పెట్టుకున్నాం.

ఆ గుడ్డు తాత బండి అప్పగించిన రోజున నన్ను మూడుసార్లు అవమానించాడు. మొదటిది, ‘దీన్ని వెనక్కి నడపడం వచ్చా?’ అని అడగడం. (రాదు. అయినా అడుగుతారా?) రెండోది, ‘పైకప్పుకు చిల్లు మాత్రం పెట్టకండి. ఇది గుడ్డు. అతుకులు లేవు కాబట్టే నీళ్లు రావు’ అని మూడుసార్లు చెప్పడం. ఒకసారి మామూలుగా, ఒకసారి నిదానంగా, మూడోసారి చేతులతో అభినయిస్తూ. మూడోది అన్నిటికంటే ఘోరం. తాళాలిచ్చాక చెయ్యి కూడా ఊపకుండా, తల వంచుకుని బండినే చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ఆ సమయానికి మా ఆవిడ వరంగల్‌లో ఉన్న వాళ్లమ్మకు వీడియో కాల్‌లో బండి చూపిస్తోంది.

“ఎవరు బిడ్డా ఆయన, గట్ల గుడ్లప్పగిచ్చి చూస్తున్నడు?” అంది మా అత్తగారు.

“అమ్మినాయనమ్మా.”

“అమ్మినంక ఇంక చూసుడేంది? అల్లుడికి చెప్పు, ముందుగాల గుమ్మడికాయ కట్టుమను.”

మా అత్తగారి మాట నేను సాధారణంగా వినను. (నన్ను ఒకసారి ‘జర సన్నగున్నడు’ అన్నారు, నిశ్చితార్థం రోజున.) కానీ ఆరోజు వెంటనే నచ్చింది. మ్యూనిక్‌లో ఏషియన్ దుకాణానికి వెళ్లి నాలుగు కిలోల బూడిద గుమ్మడికాయ కొని, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. అప్పటికే బండిలో నా మార్పులు మొదలయ్యాయి. పోపుల డబ్బాలు జారకుండా గోడకు ఎలాస్టిక్ పట్టీలు, దేవుడి పటానికి చిన్న బల్ల, ప్రెషర్ కుక్కర్‌కు ఒక గూడు. ఇవన్నీ జిగురుతో అంటించాను. గుమ్మడికాయ కొక్కేన్ని కూడా జిగురుతోనే అంటించాను. అది రెండుసార్లు ఊడింది, రెండోసారి నా బొటనవేలి మీద. దాంతో డ్రిల్లింగ్ మిషన్ తీశాను.

“వద్దన్నడు గదా ఆయన,” అంది మా ఆవిడ.

“ఆయన వద్దన్నది చిల్లు. ఇది బెజ్జం.”

“రెండిట్ల తేడా ఏంది?”

“సైజు,” అన్నాను ఠీవిగా. తలుపు పైన కప్పుకు బెజ్జం వేసి, బోల్టు దించి, పైన బాత్రూములో వాడే తెల్ల సిలికాన్ పూసి, కింద పసుపు కుంకుమ పెట్టిన గుమ్మడికాయ కట్టాను. ఫైబర్ గ్లాస్ కప్పు, నాలుగు కిలోల కాయ. రోడ్డు మీద బండి ఊగినప్పుడల్లా అదీ ఊగేది. మెలకువగా కాపలా కాస్తున్నట్టు నాకు ధైర్యంగా ఉండేది.

రెండో ప్రయాణానికి అదే చెరువు పక్కకు వెళ్లాం. వాన పడింది. తెల్లారి మా ఆవిడ దిండు తడిసి ఉంది.

“ఏమండీ, ఉరుస్తున్నది,” అంది.

చూస్తే కిటికీ మూల నుంచి చుక్క చుక్కగా నీళ్లు. గుమ్మడికాయకూ ఆ కిటికీకీ మధ్య ఒక బార దూరం. (కప్పులో దూరిన నీళ్లు లోపలి గుడ్డ అస్తరు వెనకనుంచి పాక్కుంటూ పోయి ఎక్కడో తేలతాయని ఇప్పుడు నాకు తెలుసు.) కిటికీ రబ్బరు పాతది, అమ్మింది తాత, తప్పు తాతది. నా విచారణ దిండు ఆరకముందే ముగిసింది. ఇంతలో గుమ్మడికాయ కూడా మెత్తబడి వాసన రావడం మొదలైంది. అత్తగారికి ఫోన్ చేస్తే, “చూసిండ్రా! దిష్టంత అదే గుంజుకున్నది. మస్తు చెడ్డకన్ను ఆ ముసలాయనది. ఈసారి ఇంక పెద్దది కట్టుండ్రి,” అన్నారు. ఐదు కిలోలది కట్టాను. నీళ్లు ఇంకా ఎక్కువగా కారాయి, కాయ మరింత తొందరగా కుళ్లింది. ఆరు కిలోలది కట్టాను. కాయ కుళ్లినకొద్దీ తాత కన్ను మీద నా నమ్మకం గట్టిపడింది.

అప్పుడు ఆఫీసు పద్ధతిలో రిపోర్టు రాశాను. ఎనిమిది పేజీలు, పన్నెండు ఫొటోలు. ఎందుకు కారుతోంది? రబ్బరు పాడైంది. ఎందుకు పాడైంది? అమ్మినాయన మార్చలేదు. ఎందుకు మార్చలేదు? మోసం చేద్దామని. ఎందుకు మోసం? మేము బయటిదేశం వాళ్లం కనక. ఐదో ‘ఎందుకు’కు పేజీలో చోటు మిగల్లేదు. రెండు వారాల గడువు పెట్టి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. నాలుగు రోజులు చూసి, జవాబు రాలేదని, ఆ శనివారం క్యాంపింగ్ స్థలంలో బట్టలుతికే గది పక్కనున్న నోటీసు బోర్డుకు ఒక కాపీ నాలుగు పిన్నులతో గుచ్చాను. ఒక పిన్ను సరిపోయేది.

ఆ సాయంత్రమే ఒకావిడ చేతిలో నీళ్ల పంపుతో తాత మకాం వైపు వెళుతూ బోర్డు దగ్గర ఆగింది. చదివింది. తాత వైపు ఒకసారి చూసి, పంపు పట్టుకుని వెనక్కి వెళ్లిపోయింది. అది చూసి నేను ఈల వేసుకుంటూ గిన్నెలు తోమాను. ఈ కథలో నాకు అన్నిటికంటే ఎక్కువ సిగ్గు వేసేది ఆ ఈల గురించే.

మరుసటి వారానికి ఆయన బల్ల దగ్గరికి అందరూ రావడం మానేశారు. పెట్టె మూసి పక్కన పెట్టుకుని, చెరువును చూస్తూ కూర్చునేవాడు.

“పాపం, ఒక్కడే కూసున్నడు,” అంది మా ఆవిడ.

“కూసోనీ.”

“గా కాయితం తీసెయ్యుండ్రి.”

“ఎందుకు తియ్యాలె? అబద్ధం రాసిన్నా?”

ఆ స్థలం చూసుకునే మేనేజరమ్మ నాకూ తాతకూ కలిపి ఒక టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఇచ్చింది, ఆదివారం పదింటికి, మా బండి దగ్గర. ఫైలుతో వచ్చి, “ఈ రిపోర్టు నిజమైతే, ఇకమీదట ఇక్కడ ఎవరి బండికీ చెయ్యి పెట్టొద్దని ఈయనకు చెప్పాల్సి వస్తుంది,” అంది. (వాళ్ల మాటలన్నీ జర్మన్‌లోవి; నాకు అర్థమైనంత రాస్తున్నాను.) తాత వెళ్లి మొక్కలకు పోసే నీళ్ల డబ్బా, ఒక ముక్కాలిపీట తెచ్చుకున్నాడు. డబ్బాడు నీళ్లు కిటికీ మీద నిదానంగా పోశాడు. లోపలినుంచి మా ఆవిడ, “ఒక్క చుక్క గూడ వస్తలేదు!” అని తెలుగులోనే అరిచింది, మళ్లీ జర్మన్‌లో చెప్పింది. తాత నా రిపోర్టు తీసి ఫొటోలు ఒక్కొక్కటే చూశాడు. పన్నెండింటిలోనూ ఏదో ఒక మూల గుమ్మడికాయ ఉంది. నేను తీసిన ఫొటోలే. ఆ కాయ నాకెప్పుడూ కనిపించలేదు. ఆయన పీట జరుపుకుని ఎక్కి పైకప్పు చూశాడు, దిగి, నన్ను ఎక్కమని చేత్తో సైగ చేశాడు.

ఎక్కాను. కప్పు తలుపు పైన పళ్లెంలా లోపలికి దిగిపోయి ఉంది. పళ్లెం నిండా రాత్రి వాన నీళ్లు. అందులో ఒక పిచ్చుక స్నానం చేస్తోంది. నన్ను చూసి ఎగిరిపోయింది. నీళ్ల నడిమధ్య నా బోల్టు, దాని చుట్టూ పగిలిపోయిన నా తెల్ల సిలికాన్. కింద ఆరు కిలోల కాయ కప్పును ఇంకా లాగుతూనే ఉంది. నీళ్లు బోల్టు వెంట తాడులోకి, తాడు వెంట కాయలోకి.

“కనిపించిందా?” అని కింద నుంచి అడిగింది మేనేజరమ్మ.

“ఫిర్యాదు ఆయనది. ఆయనే చెప్పాలి,” అన్నాడు తాత.

నేను పీట మీద నిలబడే, “ఇంకా పరిశీలించాల్సి ఉంది,” అన్నాను. తప్పు మాదేనని తేలిపోయాక మా ఆఫీసులో వాడే వాక్యం అది. మేనేజరమ్మ అలాగే రాసుకుని వెళ్లింది. తాత పీట అక్కడే వదిలేసి, ఖాళీ డబ్బా పట్టుకుని తన మకాం వైపు నడిచాడు.

మా ఆవిడ బయటికొచ్చి, తనే పీట ఎక్కి చూసి, దిగింది.

“ఇగ పోయి చెప్పుండ్రి.”

“నన్ను మూడుసార్లు చిన్నపిల్లగానికి చెప్పినట్టు చెప్పిండు ఆయన! చేతులతోని!”

“మూడుసార్లు చెప్పినా వినలేదు గదా మీరు. నాలుగోసారి చెప్పకపోవుడేనా ఆయన తప్పు?”

“అరే...”

“తప్పు నాదేనని రాయుండ్రి. రాసేదాంక నేను లోపటికి రాను. గీడనే నిలబడ్త.”

వాన మళ్లీ మొదలైంది. ఆమె గొడుగు కూడా తీసుకోలేదు. ఎనిమిది పేజీల రిపోర్టు ఒక్క పూటలో రాసిన నాకు, నాలుగు వాక్యాలు రాయడానికి ఆమె చున్నీ పూర్తిగా తడిసేంత సేపు పట్టింది. ‘చిల్లు నేనే పెట్టాను. బండి అమ్మినప్పుడు బాగానే ఉంది. ఆయన పెట్టొద్దని మూడుసార్లు చెప్పారు. నేను రాసింది తప్పు.’ కింద పేరు రాసి, సంతకం చేసి, పాత కాగితం పీకి అదే చోట గుచ్చాను. మేనేజరమ్మ వచ్చి చదివి, దాని మీద ఆఫీసు ముద్ర వేసింది. నా తప్పొప్పుకోలుకు ముద్ర కూడా పడ్డాక తాత దగ్గరికి వెళ్లాను. క్షమించమన్నాను. తల ఊపాడు.

“ఆ కాయ ఎందుకు?” అని అడిగాడు.

“చెడ్డకన్ను తగలకుండా.”

“ఎవరి కన్ను?”

అబద్ధాలు చాలా గుర్తొచ్చాయి. కానీ అప్పటికే వాటితో అలిసిపోయాను. “మీదే,” అన్నాను. “ఆరోజు బండిని చాలాసేపు చూశారు కదా.”

“ఓ, అదా! కుడి చక్రంలో గాలి తగ్గినట్టనిపించింది. చెబుదామా వద్దా అని చూస్తున్నాను. అప్పటికే మీకు కోపంగా ఉంది. చెబితే ఇంకా కోపమొస్తుందని ఊరుకున్నాను.” అని ఆగి, “చెప్పాల్సింది. పొరపాటు నాది,” అన్నాడు.

ఆయనా నాకు క్షమాపణ చెప్పడం ఏమిటి? నేను తల దించుకున్నాను. చెవులు మొదటిసారి వేడెక్కింది అప్పుడే.

ఆ పై శనివారం ఆయన బల్ల ముందు ముగ్గురు నిలబడి ఉన్నారు, ఒకరి చేతిలో తాళం, ఒకరి చేతిలో పంపు, ఒకరి చేతిలో ఏదో రబ్బరు. నా కప్పుకు ఫైబర్ గ్లాస్ గుడ్డ వేసి రెజిన్ పూసి చిల్లు మూస్తానని ఆయనే రమ్మన్నాడు. నేను మా ఆవిడ చేసిన రవ్వ కేసరి పట్టుకుని నేరుగా ముందుకు పోబోతే, కళ్లద్దాల పైనుంచి చూసి, “వరుసలో రండి,” అన్నాడు, అందరి ముందూ. గంటకు పైగా నిలబెట్టాడు. నా తరవాత ఇంకో ఇద్దరు వచ్చి చేరారు. కాళ్లు పీకుతున్నాయి, కేసరి చల్లారుతోంది, ముందున్నావిడ పంపు గురించి ఎంతకీ తెమల్చదు. వెనక్కి తిరిగి ఆ వరుసను లెక్కపెట్టుకుంటూ నిలబడ్డ ఆ పౌరుషం కుర్రాణ్ణి ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఇంత గొడవ చేసినవాడు, తాత కోసం ఇంకా పెద్ద వరుస ఉంటే బాగుండునని కోరుకుంటూ, నోరు మూసుకుని నిలబడ్డాడు. అయితే గంట పైన నిలబెట్టిన సంగతి మాత్రం నేను మర్చిపోలేదు. మర్చిపోను కూడా.