అత్తమ్మ కోసం అడగని ప్రశ్న

మాకు హిందూ లా చెప్పింది ఒక క్రైస్తవ ఫాదర్. తెల్లటి అంగీ వేసుకుని, చేతిలో ఏ పుస్తకమూ లేకుండా వచ్చేవారు. వారసత్వం, దత్తత, మనోవర్తి అన్నీ నోటికే చెప్పేవారు. గంట చివర పది నిమిషాలు ప్రశ్నలకు వదిలేవారు. ఆయన షరతు ఒక్కటే. లేచి నిలబడి, గదిలో అందరికీ వినబడేలా అడగాలి. చీటీ రాసి బల్ల మీద పెడితే చదవకుండానే తిరిగి ఇచ్చేసేవారు.

"రేపు జడ్జి ముందు కూడా చీటీ పెడతారా?" అనేవారు.

తరగతి నిండా అబ్బాయిలు. అమ్మాయిలం నలుగురం, ముందు బెంచీలో. మొదటి ఏడాది నేను ఒక్కసారి కూడా లేవలేదు. తోచిన ప్రశ్నలను హాస్టల్‌కు తెచ్చుకుని డైరీలో రాసుకునేదాన్ని. అడిగినంత తృప్తిగా ఉండేది.

నన్ను బెజవాడ లా కాలేజీకి, అంత దూరం పంపడానికి మా నాయిన మొదట ఒప్పుకోలేదు. సూర్యాపేటలో ఆయనది ధాన్యం దుకాణం. మా వాళ్లలో ఆడపిల్ల పదో తరగతి దాటడమే ఎక్కువ. చివరికి ఒప్పించింది మా మేనత్త, నాయిన అక్క. "హాస్టల్ల సిస్టర్లు గేటు దాటనియ్యరంట తమ్మీ. మనింట్లకంటె గాడనే బందోబస్తుగ ఉంటది," అని నవ్వించి ఒప్పించింది.

అత్తమ్మకు పదహారేళ్లకే భర్త పోయాడు. పెన్‌పహాడ్‌లోని అత్తింటివారు పెద్దమనుషులను కూర్చోబెట్టి, ఆమె తిండి కోసమని వాన మీదే పండే రెండెకరాల చెలక రాసిచ్చారు. తెల్ల కాగితం మీద, ఉర్దూలో. ఏడాదిలో ఎక్కువ రోజులు అత్తమ్మ మా ఇంట్లోనే ఉండేది. విత్తే రోజుల్లో, కోసే రోజుల్లో మాత్రం చేను దగ్గర గుడిసెలో ఉండేది. మా ఇంట్లో అందరూ తిన్నాక తినే మనిషి, అక్కడ తన పొయ్యి మీద ఆకలైనప్పుడు వండుకుని తినేది. సెలవుల్లో ఆమె వెంట వెళ్లేదాన్ని. ఆమె గట్టిగా నవ్వగా నేను విన్నది ఆ చేనులోనే.

చేనుకు ఎగువన కాలువ తవ్వడం మొదలైంది. దాంతో అత్తమ్మ మరిది మా ఇంటికి రావడం మొదలైంది. ఆయనకు మిర్యాలగూడలో రైసుమిల్లు.

"వదినె, ఈ వయసుల నీకు చేను ఎందుకు? కాయితం మీద ఏలు పెట్టి మా ఇంటికొచ్చి కూసో. ఇంత బువ్వ పెట్టమా?"

"బువ్వ మా తమ్ముడు పెడుతున్నడు గద."

"ఆ కాయితంల నువ్వు బతికినన్నొద్దులే అని ఉన్నది. కోర్టుకు పోయినా అది మాదే అయితది."

"కోర్టు సంగతి మా మేనకోడలును అడిగి చెప్త. లా సదువుతున్నది. నీ మిల్లు చప్పుడుల నీకేం ఇనపడ్తది?"

ఆయన నా వైపు చూసి నవ్వాడు. నేను లోపలికి వెళ్లిపోయాను.

ఆ వేసవి సెలవులు అయ్యాక, బెజవాడ బస్సు ఎక్కించడానికి అత్తమ్మ కోదాడ దాకా నా వెంట వచ్చింది. అక్కడి టీ కొట్టాయన నా ట్రంకు పెట్టె చూసి, "ఏం పెద్దమ్మగారూ, అమ్మాయిని అత్తారింటికి పంపుతున్నారా?" అన్నాడు.

"అత్తగారింటికి గాదు, కోర్టుకు."

"అయితే ముందు ఈ బస్సు వాళ్ల మీద ఓ కేసు వేయించండి. ఒక్కరోజూ టయానికి రారు."

అత్తమ్మ నవ్వింది. బస్సు కదిలేముందు మాత్రం కిటికీ ఊచ పట్టుకుని మెల్లగా చెప్పింది. "మీ ఫాదర్ను అడిగిరా బిడ్డా. తిండికని, బతికినన్నొద్దులకు రాసిచ్చిన భూమి ఆడిమనిషిదా, మొగని వైపోళ్లదా? గింతే. మర్చిపోకు."

నేను మరిచిపోలేదు. నాలుగు నెలలు ప్రతి గంట చివరా అది నా గొంతులో ఉండేది. ఒకసారి సగం లేచాను కూడా. బెంచీ కిర్రుమంది. ఫాదర్ నా వైపు తిరిగారు. వెనక ఎవరో దగ్గారు. కింద పడ్డ కలం తీసుకుంటున్నదానిలా వంగి, మళ్లీ కూర్చున్నాను. ఆరోజు డైరీలో ఆ ప్రశ్నను ఇంగ్లీషులో మూడు రకాలుగా రాశాను. మూడోది బాగా కుదిరిందని సంతోషపడ్డాను. ఆ సంతోషం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తరువాత లైబ్రరీలో చట్టం నేనే తీసి చదివాను. విధవ చేతిలో ఉన్న ఆస్తి పూర్తిగా ఆమెదే అని ఒక మాట ఉంది. పరిమిత హక్కుతో రాసిచ్చిన కాగితం ఉంటే అది వర్తించదని దాని కింద ఇంకో మాట. ఆ రెండో మాట దగ్గర నేను పుస్తకం మూసేశాను.

దసరా సెలవులకు ఇంటికి వచ్చాను. పెట్టె కింద పెట్టకముందే అత్తమ్మ అడిగింది.

"అడిగినవా?"

"అడిగిన," అన్నాను.

ఆ ఒక్క మాట ఎందుకన్నానో డైరీలో చాలాసార్లు రాసుకున్నాను. నాలుగు నెలలు నోరు తెరవలేకపోయానని ఆమెకు చెప్పలేకపోయాను. అంతకంటే వేరే కారణం లేదు.

నాయిన ఉర్దూ చదువుకున్నవాడు. కాగితం విప్పి చదివితే, బతికున్నంత వరకే అన్న మాట అందులో స్పష్టంగా ఉంది. నాకు తెలిసిన చట్టమంతా చెప్పాను. భూమి ఆమెదన్న వాదన కోర్టులో నిలవదని చెప్పాను.

"మీ ఫాదర్ గట్లనే అన్నడా?"

"ఆ."

"దేవుని మనిషి. అబద్ధం చెప్పడు," అంది అత్తమ్మ.

ఎట్లాగూ వాళ్లకే పోయే చేను కోసం మరిదితో తగవెందుకని, పదిరోజుల్లో సూర్యాపేట రిజిస్ట్రారు ఆఫీసులో హక్కు వదులుకుంటూ వేలిముద్ర వేసింది. బయటికొచ్చి, వేలికంటిన సిరా తలకు రుద్దుకుంది. ఆ వారమే బట్టల మూటతో మిర్యాలగూడ, మరిది ఇంటికి వెళ్లింది.

సంక్రాంతి తరువాత ఫాదర్ విధవల ఆస్తి పాఠానికి వచ్చారు. భర్త పోయిన ఆడదానికి తిండి అడిగే హక్కు కాగితం పుట్టకముందే ఉందన్నారు. ఆ హక్కుకు బదులుగా భూమి ఇస్తే, కాగితం కొత్తగా ఇచ్చిందేమీ లేదు, పాత హక్కును ఒప్పుకున్నదంతే. అందులో బతికినన్నాళ్లే అని రాసుకున్నా సరే, ఆ భూమి ఆమెదే కావాలన్నారు. కొన్ని కోర్టులు ఇలా అంటున్నాయి, కొన్ని ఒప్పుకోవడం లేదు, అయినా పోరాడదగిన కేసు అన్నారు.

ఆరోజు నేను లేచి నిలబడ్డాను. తరగతి అంతా నా వైపు తిరగడం తెలిసింది.

"అది తెలియక ఆమె వదులుకుంటూ రాసిచ్చేస్తే?"

"ఎవరైనా మోసం చేశారా?"

"లేదు. తప్పు సలహా విన్నది."

"సలహా ఇచ్చింది ఎవరు?"

"చుట్టాలు."

"అయితే కష్టం," అన్నారు ఆయన. నా మొహం చూసి ఇంకేదో అడగబోయి ఆగి, పాఠంలోకి వెళ్లిపోయారు.

వేసవిలో మిర్యాలగూడ వెళ్లాను. మిల్లు వెనక ఇల్లు. వరండాలో అత్తమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. పక్కన కూర్చుని అంతా చెప్పాను. అడగలేదని కూడా చెప్పాను. ఆమె చేతులు ఆగాయి.

"ఎందుకు అడగలే?"

"భయమైంది. అందరు సూస్తరని."

మిల్లు చప్పుడులో ఆమెకు వినబడిందో లేదో అనుకున్నాను. వినబడింది.

"అడగలే అత్తమ్మా అని నాతోని అంటే అయిపోతుండె గద బిడ్డా. ఇంకో ఏడు ఆగుతుంటి. నాకేం తొందర?"

ఆమె కోపంగా అనలేదు.

చేట ఒళ్లోకి జరుపుకుని తనే మళ్లీ అంది. "కాలువ నీళ్లొచ్చినయంట. చేన్ల వరి ఏసిన్రంట."

"సూసొచ్చినవా?"

"ఎట్ల పోత? ఎందుకొచ్చినవ్ అంటరు."

లోపలినుంచి ఆమె తోటికోడలు కేకేసింది. "అక్కా, బియ్యం అయినయా?"

"అయితున్నయ్," అని అత్తమ్మ మళ్లీ చేట మీదికి వంగింది.