నాయనమ్మ విన్న నెబ్రాస్కా

మొన్న ఇబ్రహీంపట్నంలో మా అమ్మాయి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు టీవీలో ఏదో క్విజ్ వస్తోంది. లింకన్ అనే ఊరు అమెరికాలో ఏ రాష్ట్రానికి రాజధాని అని అడిగారు. అల్లుడు ఫోన్ అందుకునే లోపే, వంటింట్లో బీరకాయలు చెక్కుతున్న నేను నెబ్రాస్కా అనేశాను. హైదరాబాదు దాటి ఎరగని అత్తగారికి ఈ సంగతి ఎలా తెలిసిందా అని అతను తెల్లబోయాడు. రాజధాని ఒక్కటేనా, అక్కడి రైతుల్ని మిడతలు ఎంత ఏడిపించాయో, ప్లాట్ నది ఎంత వెడల్పో, ఎంత లోతులేనిదో కూడా చెప్పగలను. మా రోజుల్లో బెజవాడ అచ్చాఫీసుల్లో పనిచేసినవాళ్ళకి ఇలాంటి అక్కరకురాని జ్ఞానం బోలెడు ఉంటుంది. ఏ పుస్తకం ప్రూఫులు దిద్దితే ఆ లోకంలో కొన్నాళ్ళు కాపురం ఉండేవాళ్ళం మరి.

ఏలూరు రోడ్డులో మా పెదనాన్నకి చిన్న అచ్చాఫీసు ఉండేది. పెళ్ళికి ముందు నేను వాళ్ళింట్లో ఉండి అక్కడే పనిచేశాను. శుభలేఖలూ బడిపిల్లల గైడ్లూ వేసి సంపాదించినదంతా ఆయన తనకి నచ్చిన చరిత్ర పుస్తకాల మీద పోసేవారు. అలా ఒక ఏడాది, ఎక్కడో పాత పుస్తకాల్లో దొరికిన ఇంగ్లీషు పుస్తకం ముందు పెట్టుకుని, నెబ్రాస్కా రాష్ట్రం ఎలా ఏర్పడిందో తెలుగులో రాయడం మొదలుపెట్టారు. బెజవాడలో దీన్ని కొనే మహానుభావుడెవరని పెద్దమ్మ దెప్పితే, ఇది రైతుల కథ, రైతులే కొంటారు అనేవారు. ఆ ధీమాకి పెద్దమ్మ నెత్తి కొట్టుకునేది.

పైకి చదువుతూ ప్రూఫు దిద్దితే తప్పులు బాగా దొరుకుతాయని ఆఫీసులో నేర్పారు. అందుకని మధ్యాహ్నాలు కాగితాలు ఇంటికి తెచ్చుకుని వసారాలో కూర్చుని గట్టిగా చదివేదాన్ని. అక్కడే మంచం మీద మా నాయనమ్మ, అంటే పెదనాన్న తల్లి, చూపు మందగించి తమలపాకులు తడుముకుంటూ కూర్చునేది. మొదట్లో నా చదువు ఆవిడకి నిద్రమాత్రలా పనిచేసింది గాని, అయిదేళ్ళు కాపురముండి దున్నుకుంటే నూట అరవై ఎకరాలు సొంతమవుతుందని సర్కారు చెప్పిన చోటికి వచ్చేసరికి లేచి కూర్చుంది. ఇక అక్కణ్ణుంచి ప్రశ్నలే ప్రశ్నలు. చెట్టన్నదే లేని చోట పొయ్యిలోకి ఏం పెట్టారు? అడవి దున్నల ఎండిన పేడ ఏరుకొచ్చి కాల్చారని చదివితే, వాళ్ళూ పిడకలవాళ్ళేనన్నమాట అని మురిసిపోయింది. గడ్డిని వేళ్ళతో సహా ఇటుకల్లా కోసి కట్టిన ఇళ్ళు వానకి కారేవని విని, ఆ ఇల్లాళ్ళ మీద జాలిపడింది. మిడతల దండు వచ్చి పచ్చని చేను నాకేసిన రోజు రాత్రి సరిగ్గా అన్నం తినలేదు.

అంత శ్రద్ధగా విన్న మనిషి కనకనే మొదటి అధ్యాయాన్ని మళ్ళీ చదవమంది. అందులో పెదనాన్న, ఆ నేల నరసంచారం లేక ఖాళీగా పడి ఉండేది అని రాశారు. సాయంత్రం ఆయన ఇంటికి రాగానే పట్టుకుంది.

"ఏటి పక్క నేల ఖాళీగా ఎందుకుంటుందిరా? అంతకు ముందున్నవాళ్ళు ఏమయ్యారు?"

"పుస్తకంలో లేనిది నేనెక్కణ్ణుంచి తేనమ్మా?"

"లేకపోతే కనుక్కో. నువ్వు కనుక్కోవాలి."

ఆ గొంతుకి ఆయన చెప్పులు విప్పడం ఆపి నిలబడిపోయారు. అప్పుడు చెప్పింది నాయనమ్మ, అన్నాళ్ళూ ఎవరికీ చెప్పని సంగతి. ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలో కృష్ణ ఒడ్డున మా లంకలో చేపలు పట్టుకునేవాళ్ళ పాకలుండేవి. పెదనాన్న పుట్టినప్పుడు ఆవిడకి జ్వరం తగిలి పాలు పడకపోతే, ఆ పాకల్లోని ఒక బాలింత తన బిడ్డతో పాటు ఈ బిడ్డకీ పాలిచ్చి బతికించింది. ఆయనకి నడక వచ్చేసరికి లంక మా వాళ్ళ పేర పట్టా అయింది, పాకలు పోయాయి. వాళ్ళెక్కడికి వెళ్ళారని మామగారిని అడిగే ధైర్యం కొత్తకోడలికి లేకపోయింది. మా ఇంట్లో అందరూ లంక గురించి, మేం వచ్చేదాకా అక్కడ రెల్లుగడ్డి తప్ప ఏమీ లేదనే చెప్పేవారు.

పెదనాన్న ఆ అధ్యాయం పేజీలు కూర్చిన ఫారం అచ్చుకి ఎక్కించకుండా ఆపేశారు. ఊళ్ళో గ్రంథాలయాలన్నీ తిరిగారు, కాలేజీల్లో చరిత్ర చెప్పే వాళ్ళని అడిగారు. చివరికి తేలిందేమిటంటే, ఆ నదుల ఒడ్డున పానీ అనే తెగవాళ్ళు, ఇంకా ఎందరో, తరతరాలుగా ఉండేవారు. మట్టి కప్పిన పెద్ద గుండ్రటి ఇళ్ళు కట్టుకుని మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించుకునేవారు. వాళ్ళని దక్షిణాన వేరే చోటికి తరలిస్తే ఎంతోమంది రోగాలతో పోయారు. ఖాళీ అన్న మాట తీసేసి ఈ సంగతంతా చేర్చి, ఆ ప్రూఫు ఆయనే స్వయంగా తల్లికి చదివి వినిపించారు. నాయనమ్మ చివరిదాకా విని, కొడుకు చెయ్యి తడిమి పట్టుకుంది.

"అంత దూరంవాళ్ళ సంగతి కనుక్కున్నావు, నాయనా. ఇక మనవాళ్ళ సంగతి కూడా కనుక్కో."

ఆ తర్వాత చాలా ఆదివారాలు పెదనాన్న కరకట్ట బస్సెక్కి దివిసీమ వైపు రేవులన్నీ తిరిగారు. బందరు వైపు పోయారన్నవాళ్ళున్నారు, కొల్లేటికి పోయారన్నవాళ్ళున్నారు, అసలా లంకలో పాకలెక్కడివండీ అన్నవాళ్ళూ ఉన్నారు. ఆయన తిరిగొచ్చిన అలికిడి వినగానే నాయనమ్మ మంచం మీద లేచి కూర్చునేది, ఆయన నేరుగా లోపలికి వెళ్ళిపోతే మళ్ళీ మెల్లగా పడుకునేది. అలా ఎదురుచూస్తూనే వెళ్ళిపోయింది. పుస్తకం కట్టలు మాత్రం చాలాకాలం అటకమీదే ఉన్నాయి, రైతులెవరూ రాలేదు.

ఇప్పుడు కాలం ఎంత మారిందో చూడండి. ఆ పానీలు ఈనాడు ఎక్కడున్నారో, ఏం పండిస్తున్నారో, వాళ్ళ పిల్లలు తమ భాష ఎలా నేర్చుకుంటున్నారో మా అల్లుడి ఫోన్‌లో బొమ్మలతో సహా చూశాను. పెదనాన్న నెలల తరబడి తిరిగి సంపాదించింది కూర్చున్నచోటే దొరికింది. చూస్తున్నంతసేపూ ఆయన ఉంటే ఎంత సంబరపడేవారో అనిపించింది. ఈ కథంతా నా నోట విని, మీ పెదనాన్నగారికి పాలిచ్చిన ఆ లంక మనిషిని కూడా వెతుకుదామా అత్తయ్యగారూ, పేరు చెప్పండి అన్నాడు అల్లుడు. నాయనమ్మ ఆవిణ్ణి ఎప్పుడూ అక్కా అనే పిలిచిందట.