సర్క్యులర్ పుస్తకంలో నా సంతకం

అరవైల చివర్లో నేను శ్రీకాకుళం, విజయనగరం మధ్య ఒక ఊళ్లో ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. ప్రిన్సిపాల్ తరవాత సర్వీసులో నేనే పెద్ద. ఆ పెద్దరికం చూసుకుని కొంచెం మిడిసిపాటు కూడా ఉండేది.

ఏ ఉత్తర్వు వచ్చినా మా కాలేజీలో సర్క్యులర్ పుస్తకంలో రాసి, అటెండరు చేత క్లాసు క్లాసుకీ పంపేవారు. పాఠం మధ్యలో సుద్ద పక్కన పెట్టి సంతకం చేయాలి. అదీ సర్వీసు వరసలోనే. నాది పడ్డాకే పుస్తకం తక్కినవాళ్ల దగ్గరికి వెళ్లేది. పైన నా సంతకం కనిపిస్తే చాలు, సగం మంది విషయం చదివేవారే కాదు.

ఆ ఏడు ఎకనామిక్స్ లెక్చరరు, ఇంకా పెళ్లి కూడా కానివాడు, కౌలు పాఠం చెబుతూ, "మీ ఊళ్లో భూమి ఎవరిది, దున్నేది ఎవరు, కనుక్కుని రాసుకురండి" అన్నాడు. సిలబస్‌లో ఉన్న పాఠమే. పిల్లలు రాసుకొచ్చిన కాగితాల్లో రెండు మూడింటిలో భూమి సొంతదారుగా మా కాలేజీని నడిపే కమిటీ ప్రెసిడెంటు గారి పేరు వచ్చింది. కొండల వైపు గొడవలు రేగుతున్న రోజులవి. భూమి మాటెత్తితేనే పెద్దలు ఉలిక్కిపడేవారు. కమిటీ వాళ్లు అతన్ని ఉద్యోగంలోంచి తీసేయాలనుకున్నారు. తీసేయడానికి తోటి లెక్చరర్ల ఒప్పుదల కూడా కాగితం మీద ఉంటే బాగుంటుందనుకున్నారు.

సంగతి పొక్కింది. ఆదివారం లెక్చరర్లందరూ, అతనితో సహా, మా ఇంట్లో చేరారు. "ఇవాళ అతను, రేపు మనం! క్లాసులో ఏం చెప్పాలో కమిటీయే చెబితే ఇంక మనమెందుకు?" అని అందరికంటే గట్టిగా అరిచింది నేనే. ఎవరూ సంతకం పెట్టకూడదనుకున్నాం. అతను వెళ్తూ వెళ్తూ, "మీరు ముందుంటే సాలు మాస్టారూ, నాకింక బెంగ లేదు" అన్నాడు.

మంగళవారం రెండో గంటలో పుస్తకం వచ్చింది.

"బేగి ఎట్టీండి మాస్టారూ. పెసిడెంటు గారు ఆపీసులోనే కూకున్నారు" అన్నాడు అటెండరు.

చదివాను. అతని బోధన విద్యార్థులకు హానికరమని అధ్యాపకులమైన మేము కూడా అభిప్రాయపడుతున్నామట. అలవాటు కొద్దీ చదవకుండా పెట్టేశానని తరవాత అందరికీ చెప్పుకున్నాను. పచ్చి అబద్ధం. రెండుసార్లు చదివి మరీ పెట్టాను. పెట్టి, సుద్ద తీసుకుని, ఆపిన చోటి నుంచి లెక్క మొదలుపెట్టి, ఒక్క తప్పు కూడా లేకుండా పూర్తి చేశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మధ్యాహ్నానికల్లా సంతకాలన్నీ పడిపోయాయి. నా తరవాత ఒక్కరూ ఆగలేదు. "మీరే పెట్టారు కదా" అన్నారు. సాయంత్రం అతని చేతికి ఉత్తర్వు వచ్చింది.

రెండు రోజుల తరవాత, ఊరు వదిలి వెళ్లిపోతూ అతను మా ఇంటికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మిమ్మల్ని ఏటని బెదిరించారు మాస్టారూ?" అన్నాడు జాలిగా. నేను ఊరికే సంతకం పెడతానని అతనికి తోచనే లేదు.

"ఉద్యోగం పీకేస్తామన్నారు" అన్నాను.

"అదే అనుకున్నాను. పిల్లలున్నోరు, మీరు మాత్రం ఏటి సేస్తారు? మనసులో ఏటీ ఎట్టుకోకండి" అని నా చెయ్యి పట్టుకున్నాడు.

నన్నెవరూ బెదిరించలేదు. ప్రెసిడెంటు గారు నాతో ఒక్క మాట కూడా అనలేదు. ఆయన ఆఫీసులో కూర్చున్నారు, అంతే. బస్సుకి టైమవుతోందని చెప్పి నా చెయ్యి వెనక్కి తీసుకున్నాను.