సగం గులాబీ మొక్క

నా చిన్నప్పుడు మేము దేశ రాజధానిలోని మునిర్కాలో అద్దెకుండేవాళ్లం. అమ్మ నర్సు. గల్ఫ్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లే ముందు వాకిట్లో ఒక గులాబీ మొక్క నాటింది. ఆమె వెళ్లాక దాని మీద ఎవరినీ చెయ్యి వెయ్యనిచ్చేదాన్ని కాదు. పూసిన పువ్వు అక్కడే వాడి, ఎండి, నల్లబడి వేలాడినా సరే, అది అమ్మదే. మరుసటేటికి కొమ్మలు అడ్డదిడ్డంగా పెరిగాయి కానీ పూలు దాదాపు ఆగిపోయాయి. అమ్మ ఇక రాదేమోనని నాకు లోపల్లోపల బెంగ పట్టుకుంది.

నన్ను చూసుకోవడానికి గుంటూరు నుంచి వచ్చిన మా మేనత్త మాతోనే ఉండేది. చలి మొదలయ్యే ముందు ఒక ఆదివారం, చర్చి నుంచి రాగానే ఆవిడ కత్తెర పట్టుకుని మొక్క దగ్గరికి నడిచింది. నేను అడ్డంగా నిలబడి ఏడుపు లంకించుకున్నాను.

అత్తయ్య కసరలేదు, నచ్చజెప్పనూ లేదు. "సరేనమ్మా, గోడ వైపు సగం నాకియ్యి. వీధి వైపుది నీది, దాని జోలికి రాను" అంది. ఆ పంపకం నాకు న్యాయంగానే తోచింది.

తన వైపు ఎండిన పూలన్నీ తీసేసింది. సన్నటి పుల్లలు తీసేసి, బలమైన కొమ్మల్ని కణుపుకు కాస్త పైన, ఏటవాలుగా, మోకాలెత్తుకు కత్తిరించింది. మొక్కకు ఒక పక్క గుండు చేసినట్టయింది.

"యే క్యా కర్ దియా, దీదీ?" ఇదేం చేశావక్కా అని హిందీలో అంటూ ఎదురింటి ఆంటీ నోరు నొక్కుకుంది.

అత్తయ్య నవ్వి చీపురు అందుకుంది.

కొన్ని వారాలకు ఆ మోళ్ల నుంచి ఎర్రటి చిగుళ్లు తోసుకొచ్చాయి. క్రిస్మస్‌కి గోడ వైపంతా గులాబీలే. నా వైపు ఎండు కాయలు. మర్నాడు నేనే వెళ్లి కత్తెర అడిగాను. "చెప్పానా?" అని అత్తయ్య అనలేదు. నా వేళ్ల మీద తన వేళ్లు పెట్టి ఎక్కడ కొయ్యాలో చూపించి, చెయ్యి తీసేసింది.

చలి తగ్గేవేళకు అమ్మ సెలవు మీద వచ్చింది. అప్పటికి అత్తయ్య వైపు పూలు అయిపోయాయి. విరబూసి ఉన్నది నా వైపే. ఆటో దిగిన అమ్మ సామాను సంగతే మరచి వాకిట్లో నిలబడిపోయింది.

"ఎవరే దీన్నింత బాగా చూసుకుంది?"

"సగం అత్తయ్య, సగం నేను" అన్నాను.

పెద్దయ్యాక నేనూ నర్సునయ్యాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్ర నర్సులు మొదటిసారి గాయానికి కట్టు కట్టడానికి భయపడి వెనక్కి తగ్గితే, నేనెప్పుడూ వాదించలేదు. "ఇటు నేను కడతాను, చూడు. అటు నీది" అనేదాన్ని. ఆ తర్వాత మా అత్తయ్యలాగే చెయ్యి తీసేసేదాన్ని.