మూడు సైకిళ్ల ర్యాకు

ఉఫ్ నర్సమ్మని ఎరగని మంచం ఆ ఊళ్లో లేదు. మనిషి అనకుండా మంచం అన్నానంటే కారణముంది. ఆవిడ ఉద్యోగమంతా మంచాల దగ్గరే గడిచింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి ఇంకా లేవలేని వాళ్లకి కట్లు మార్చడం, పడుకుని పడుకుని వీపు పుండ్లు పడిన ముసలివాళ్లని పక్కకి తిప్పి మందు రాయడం, షుగరు కాళ్లు కడగడం, బాలింతల ఇళ్లకి వెళ్లి పసిపిల్లల్ని తూచడం. మందు రాశాక గాయం మీద 'ఉఫ్' అని ఊదేది. అలా ఊదకూడదని పెద్ద డాక్టరు రెండుసార్లు మెమో ఇచ్చాడు. ఆవిడ బుద్ధిగా సంతకం పెట్టి మెమో తీసుకుని, వెళ్లి మళ్లీ ఊదింది. అడిగితే, "మందు పుండుకండీ. మరి మంటకో?" అనేది. ఆ పేరే స్థిరపడిపోయింది. అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది.

ఉద్యోగం చేసిన ఇరవై ఆరేళ్లూ ఆవిడ తిరిగింది ఒక్క సైకిలు మీదే. డిపార్టుమెంటు వాళ్లిచ్చిన ఆడవాళ్ల సైకిలు. మధ్య కడ్డీ లేకుండా కిందికి వంగి ఉంటుంది, ఇనుము మాత్రం ఏనుగంత. వెనక క్యారియరు మీద కట్ల డబ్బా, ముందు బుట్టలో పసిపిల్లల్ని వేలాడదీసి తూచే గడియారం లాంటి తూకం. ఎండనీ వాననీ చూడకుండా, గతుకుల సందుల్లో, మెట్ట వీధుల్లో తొక్కి తొక్కి ఎడమ తుంటి అరిగిపోయింది. కాలు మోకాలి ఎత్తు దాటి లేవదు. అయినా సైకిలంటే విసుగు పుట్టలేదు. ఒకే ఒక్క కోరిక ఉండేది. ఒక్కసారి, ఎవరి గాయం కట్టడానికీ కాకుండా, ఊరికే తొక్కాలి.

ఆ కోరిక పెట్టింది మొగుడే. ఆయన నీటిపారుదల ఆఫీసులో ప్లాను బొమ్మలు గీసే ఉద్యోగి. జేబులో టేపు లేకుండా పక్క వీధికి కూడా వెళ్లడు కాబట్టి అందరూ కొలతలాయన అంటారు. పెళ్లైన రెండో ఏడు పెద్ద చెరువు కట్ట మీద రోడ్డు బొమ్మ ఆయన చేతిమీదుగానే వెళ్లింది. ఆ రోజు ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే, "పద్నాలుగు కిలోమీటర్లే! ఒక్క గతుకు ఉండదు, ఒక్క ఎత్తు ఉండదు. కార్లూ లారీలూ రానివ్వరు. ఒకవైపంతా నీళ్లు. ఒక రోజు నీ సైకిలు వేసుకుని వెళదాం" అన్నాడు. ఊరికి నలభై కిలోమీటర్లు. బస్సువాళ్లు సైకిలు ఎక్కించుకోరు. ఆ ఒక రోజు అలా ఉండిపోయింది. ఆయన మర్చిపోయి ఉంటాడు, మగవాళ్లు ఉత్సాహంలో అన్నవి రాసిపెట్టుకోరు. నర్సమ్మ మాత్రం మెట్ట వీధి ఎక్కేటప్పుడల్లా ఆ కట్టనే తలుచుకునేది.

ఆవిడ రిటైరైన ఏడాదే ఆయనకి షుగరు బయటపడింది. డాక్టరు సైకిలు తొక్కమన్నాడు. వెంటనే గేర్ల సైకిలొకటి వచ్చింది. ఆయన్ని చూసి కొడుకూ కోడలూ చెరొకటి కొనుక్కున్నారు. ఇంట్లో కారుంది. "కారు వెనకాల ర్యాకు బిగిస్తే మన సైకిళ్లు కట్ట దాకా తీసుకెళ్లొచ్చు" అని ఒక రోజు భోజనాల దగ్గర కొలతలాయన ప్రకటించాడు.

నర్సమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. మన సైకిళ్లు అన్నాడు. ఆ 'మన'లో తానూ ఉందనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఆ తరవాత నెల రోజులు ఇంట్లో ర్యాకు తప్ప మరో మాట లేదు. ఆయన నోటుబుక్కులో గళ్లు గీసి అన్ని రకాలూ రాశాడు. కారు నెత్తిమీద పెట్టే రకం మంచిదే, కానీ సైకిలుని తలెత్తు దాటించి ఎత్తాలి. పైగా నెత్తిమీద సైకిళ్లున్న సంగతి మర్చిపోయి తిన్నగా షెడ్డులోకి పోనిచ్చి, సైకిళ్లనీ షెడ్డునీ రెండింటినీ విరగ్గొట్టుకున్న వీరులు ఉన్నారట. కారు కింద కొక్కెం బిగించి దానికి తగిలించే రకం అన్నిటికన్నా గట్టిది. పళ్లెం లాంటి దానిలో చక్రాలు నిలబడతాయి, ఎలాంటి సైకిలైనా సరే. కానీ కొక్కెం వేయించడానికి మూడు వారాలు ఆగాలి. మూడోది, వెనక తలుపుకి బెల్టులతో కట్టే రకం. రెండు చేతులు బయటికి చాచుకుని ఉంటాయి, వాటి మీద సైకిలుని మధ్య కడ్డీతో వేలాడదీయాలి. కొలతలాయన దానికే మొగ్గాడు. కారు వెనక భాగం స్కేలుకి గీసి, దాని మీద సైకిళ్లు గీశాడు. నర్సమ్మ కళ్లజోడు పెట్టుకుని లెక్కపెట్టింది. మూడున్నాయి.

"నాదేదండీ?" అంది.

"నీది కూడా చూద్దాంలే" అన్నాడు, పెన్సిలు చెక్కుకుంటూ.

మన ఇళ్లల్లో 'చూద్దాం' అన్న మాట అన్నాక ఎవరూ ఏదీ చూసిన దాఖలా లేదు. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో ఆ సంగతి నర్సమ్మకి తెలియనిది కాదు. తెలిసీ నమ్మింది.

కారు సామాన్ల షాపుకి తానూ వస్తానంది. షాపాయన అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని సైకిళ్లండీ?"

"మూడు" అన్నాడు కొలతలాయన.

"నాలుగు" అంది నర్సమ్మ.

షాపాయన ఇద్దరి మొహాలూ చూసి, ఇలాంటివి చాలా చూసినవాడిలా మెల్లిగా, "నాలుగైతే కొక్కెం రకం తీసుకోండి సార్. అమ్మగారిది ఆడవాళ్ల సైకిలా? అయినా పర్లేదు, దాంట్లో నిలబడుతుంది. బరువూ మోస్తుంది" అన్నాడు.

"ఇంకో మూడు వారాలాగాలి. వచ్చే ఆదివారం నేను వెళ్లాలనుకుంటున్నాను" అన్నాడు కొలతలాయన.

ఇరవై ఆరేళ్లు ఆగిన మనిషి పక్కనే నిలబడి ఉండగా అన్నాడా మాట. నర్సమ్మకి నవ్వొచ్చింది, నవ్వితే బాగుండదని ఊరుకుంది. షాపాయన లోపలికి వెళ్లి సన్నపాటి కడ్డీ ఒకటి తెచ్చాడు. "మధ్య కడ్డీ లేనివాటికి ఇది తగిలించుకోవచ్చమ్మా. సీటు కింద ఒక కొస, హ్యాండిల్ కింద ఒక కొస. అప్పుడు దాన్నీ వేలాడదీయొచ్చు" అన్నాడు. కొలతలాయన బెల్టుల ర్యాకు కొన్నాడు, నర్సమ్మ కడ్డీ కొంది. ఇంటికొచ్చేదాకా దాన్ని ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది. మూడు చోట్లున్నాయి, నాలుగు సైకిళ్లు. ఇంట్లో వాళ్లేగా, ఎవరో ఒకరు తమది ఆపుతారు. కొడుకు ఆపుతాడు. వాడికి ఇవన్నీ కొత్తా ఏం? ఈ సైకిలు ముందు బుట్టలో కూర్చుని బడికి వెళ్లినవాడే.

ఆదివారం పొద్దున్నే సైకిలు తుడిచి, చైనుకి నూనె వేసి, కడ్డీ బిగించి వరండాలో నిలబెట్టింది. కొలతలాయన బయటికొచ్చి చూశాడు. కాదనలేదు. కాదనడం ఆయనకి అలవాటు లేదు, కొలుస్తాడంతే.

"నీ పిల్లల తూకం ఎక్కడుంది?" అన్నాడు.

ఆఫీసులో కొత్త తూకాలొచ్చాక పాతది ఆవిడకే వదిలేశారు. తెచ్చిచ్చింది. వరండా కొక్కేనికి దాన్ని తగిలించి, దానికి సైకిలుని వేలాడదీశాడు. కొన్ని వేల మంది పసిపిల్లలు కాళ్లు కొట్టుకుంటూ వేలాడిన తూకం అది. ఎర్ర ముల్లు గిర్రున తిరిగి ఆగింది.

"ఇరవై రెండు. ఒక్కో సైకిలు పదిహేను కిలోలు దాటకూడదని ర్యాకు కంపెనీవాడు రాశాడు. ఇదిగో, చూడు" అని కాగితం చదివి వినిపించాడు.

నర్సమ్మ లోపలికి వెళ్లింది. స్పానర్ల డబ్బా తెచ్చుకుని కింద కూర్చుంది. ముందు బుట్ట తీసింది. స్టాండు తీసింది. చైను కవరు తీసింది. క్యారియరు బోల్టులు తుప్పుపట్టి కదలనంటే నూనె పోసి, అరచెయ్యి చీరుకుపోయినా వదలకుండా తిప్పింది. కొడుకు బూట్ల తాళ్లు కట్టుకుంటూ ఉన్నాడు. రెండు బూట్లకి అంతసేపు పట్టే తాళ్లు నేనెక్కడా చూడలేదు. కోడలు సీసాల్లో నీళ్లు నింపుతోంది. బొమికలే మిగిలిన సైకిలుని మళ్లీ తూకానికి తగిలించారు.

"పదిహేడున్నర" అన్నాడు కొలతలాయన.

"మీది పదమూడు, అబ్బాయిది పన్నెండు. మూడోదిగా నాది కలిపినా నలభై రెండున్నరే. మూడు పదిహేన్లు నలభై అయిదు కదండీ?" అంది నర్సమ్మ. స్పానరు తిప్పుతూ వేసుకున్న లెక్క అది.

"మొత్తం కాదే, ఒక్కోదాని లెక్క. బెల్టు తెగితే వెనకొచ్చేవాడి మీద పడుతుంది" అన్నాడు.

ఆయన చెప్పింది తప్పు కాదు. ఆయన చెప్పింది ఏనాడూ తప్పు కాలేదు, ఆవిడ ఏడుపంతా అదే. కొలత తప్పైతే పోట్లాడొచ్చు. మూడు వారాలు ఆగుదాం అని ఒక్క మాట అనని మనిషితో ఏ టేపు పెట్టి పోట్లాడతారు?

కొడుకు తలెత్తాడు. నర్సమ్మ వాడి నోటివైపే చూసింది. "పోనీలే అమ్మా, ఇంకోసారి వెళ్దువుగాని" అన్నాడు వాడు. కోడలు, "ఎండలో మీకెందుకత్తయ్యా శ్రమ?" అంది. ఎంత ప్రేమ!

నాది ఆపండి అని ఎవరూ అనలేదు. ఈవిడైనా నోరు తెరిచి, ఈ రోజు మీరొకరు ఆగండి అనాల్సింది. అనలేదు. ఊరందరి పుండ్లూ చూసిన మనిషికి తనది చూపించడం చేతకాలేదు.

"నువ్వు హాయిగా కారులో కూర్చో. సామాన్ల దగ్గర ఎలాగూ ఒక మనిషుండాలి. ఆ, నీ కట్ల డబ్బా పెట్టుకో, ఎందుకైనా మంచిది" అన్నాడు కొలతలాయన.

పెట్టుకుంది.

కట్ట ఆయన చెప్పినట్టే ఉంది. గేటు అవతల తిన్నగా పోయే రోడ్డు, ఒకవైపంతా నీళ్లు, ఎండకి తళతళమంటూ. కార్లు గేటు దగ్గరే ఆపాలి. ముగ్గురూ సైకిళ్లు దించుకుని, హెల్మెట్లు బిగించుకుని వెళ్లిపోయారు. కారు తలుపు తెరుచుకుని, కాళ్లు బయటపెట్టి, నర్సమ్మ వాళ్లు చుక్కలయ్యేదాకా చూస్తూ కూర్చుంది.

పావుగంటైందో లేదో కోడలు తిరిగొచ్చింది. "ఎదురుగాలి అత్తయ్యా, నావల్ల కాలేదు" అంటూ సైకిలుని కారుకి ఆనించి, వెనక సీట్లో చేరగిలబడి ఫోను తీసింది. పావుగంట. మూడో చోటు ఆ పావుగంట కోసం. నర్సమ్మ మెల్లిగా లేచి ఆ సైకిలు దగ్గరికి వెళ్లింది. హ్యాండిల్ పట్టుకుంది. మధ్య కడ్డీ ఆవిడ నడుము దాకా ఉంది. కాలెత్తింది. తుంటి పట్టేసింది. రెండో వైపు నుంచి ప్రయత్నించింది, పడబోయి నిలదొక్కుకుంది. "జాగ్రత్త అత్తయ్యా" అంది కోడలు, తలెత్తకుండా. నర్సమ్మ కాసేపు హ్యాండిల్ పట్టుకునే నిలబడింది. గేటు దాకా నడిపించుకుని వెళ్లి, నీళ్లు చూసి, మళ్లీ నడిపించుకుంటూ తెచ్చి ఎక్కడిది అక్కడ ఆనించింది. కళ్లనీళ్లొచ్చాయి. వస్తే వచ్చాయి, అక్కడ చూసేవాళ్లు మాత్రం ఎవరున్నారు?

ఇంకో గంటకి కొలతలాయన సైకిలు తోసుకుంటూ కుంటుతూ వచ్చాడు. పక్కనే కొడుకు. మూడో కిలోమీటరు దగ్గర గతుకులో పడ్డాడట. ఆయన బొమ్మలో లేని గతుకు. మోకాలు చిప్ప మీద రూపాయి బిళ్లంత మేర తోలు లేచిపోయి, ఇసక అంటుకుని ఉంది.

"డబ్బా తీయవే, మండిపోతోంది" అని కారు గుమ్మంలో ఆవిడ లేచిన చోటే కూర్చుని కాలు చాపాడు.

నర్సమ్మ డబ్బా తీసింది. చేతులు వాటంతటవే పని చేసుకుపోయాయి. నీళ్లతో ఇసక కడిగింది, దూదితో అద్దింది, మందు రాసింది. ఎక్కడా మొరటు చెయ్యి పడలేదు. మందు తగలగానే ఆయన పళ్లు బిగించి, మోకాలు కాస్త పైకెత్తి, అందరిలాగే ఎదురు చూశాడు.

నర్సమ్మ సీసా మూత బిగించింది.

"ఊదవేమే?" అన్నాడు.

"ఇక్కడ గాలి బాగానే ఉందిగా, ఆరుతుందిలెండి" అని డబ్బా మూసి, గేటు వైపు నడిచింది.

కొలతలాయన కాసేపు ఆవిడ వెనకే చూశాడు. తరవాత మంట ఆగలేక తానే వంగి ఊదుకోబోయాడు. పొట్ట అడ్డొచ్చింది. ఇంకా వంగాడు. మోకాలికీ నోటికీ మధ్య జానెడు దూరం అలాగే ఉండిపోయింది.