వదిన పెడళ్ళు, వదిన మోకాళ్ళు

పొయ్యి మీద పాలు పెట్టి నిలబడి ఉండగా తిరుత్తణి నుంచి ఫోన్ వచ్చింది. మా వదిన నిద్రలోనే పోయింది. గుండె ఆగిపోయిందన్నారు డాక్టరు. ఈ మాట ముందే రాస్తున్నాను. ఎందుకంటే పలకరించడానికి వచ్చినవాళ్ళలో చాలామంది, ఆ వయసులో ఆ సైకిల్ తొక్కడం వల్లే ఇలా అయిందని తేల్చి వెళ్ళారు. ఆమె పోయింది మంచం మీద. సైకిల్ మీద కాదు. ఇంటి లెక్కలు రాసేదాన్ని, ఒక పద్దును ఇంకో పద్దులో కలపనివ్వను.

వదిన మా ఆయనకు అక్క. పెళ్ళి చేసుకోలేదు. పొదటూరుపేటలో గుంట మగ్గం మీద చీరలు నేసి తమ్ముణ్ణి చదివించింది. కాళ్ళ కింది పలకలు తొక్కీ తొక్కీ మోకాళ్ళు అరిగిపోతే, మగ్గం వదిలేసి తిరుత్తణిలో చిన్న ఇల్లు తీసుకుంది. బరువు పడకుండా కాళ్ళు ఆడించమని డాక్టరు చెబితే, ఇంట్లో కదలకుండా ఉండే సైకిల్ కొంటుందనుకున్నాం. ఆమె కొన్నది రోడ్డు మీద వేగంగా పోయేది, హ్యాండిల్ కిందికి వంగి ఉండేది. మా ఆయన కోప్పడ్డాడు. వదిన గొంతు పెంచకుండా జవాబిచ్చింది.

"నలభై ఏండ్లు గుంటలో కూచోని తొక్కినా కదరా. ఒక్క అడుగన్నా ముందుకు పోతినా? ఇప్పుడు పోయేదాన్ని తొక్కుతా."

కొన్నాళ్ళకు నేనూ ఒకటి కొనుక్కున్నాను. ఆదివారం ఉదయం నేను తిరువళ్లూరు నుంచి, ఆమె తిరుత్తణి నుంచి బయలుదేరి మధ్యలో ఒక టీ కొట్టు దగ్గర కలిసేవాళ్ళం. మద్రాసు నుంచి వచ్చే కుర్రవాళ్ళ బూట్లు పెడళ్ళకు అతుక్కుని ఉండడం ఆమె అక్కడే చూసింది. బూటు అడుగున ఒక ప్లాస్టిక్ ముక్క బిగించి ఉంటుంది. దాన్ని క్లీట్ అంటారు. అది పెడల్‌లో టక్కున కూర్చుంటుంది. అలాంటివి కావాలని ఆవడిలోని ఒక సైకిల్ అంగడికి పోయి, రేసువాళ్ళు వాడేవే ఇమ్మంది. అవి కాలిని బిగపట్టేస్తాయి, మడమను ఇసుమంత కూడా కదలనివ్వవు. వదిన పాదాలేమో పుట్టుకతోనే బయటికి తిరిగి ఉండేవి. వారం తిరక్కముందే మోకాలి లోపలివైపు నొప్పి మొదలైంది.

ఆ వారంలోనే రైల్వే గేటు దగ్గర పడింది. ఆ పెడల్ నుంచి కాలు రావాలంటే మడమను పక్కకు తిప్పాలి. మగ్గం పలక మీది నుంచి తీసినట్టు వదిన కాలిని నేరుగా పైకెత్తింది. పెడల్ వదల్లేదు. ఆగి ఉన్న బస్సు పక్కన సైకిల్‌తో సహా మెల్లగా ఒరిగిపోయింది. కిటికీలోంచి ఒకాయన, "ఏం పెద్దమ్మా, గేటు ఎత్తేదాకా కునుకు తీస్తా ఉండావా?" అన్నాడు.

"అవునబ్బా. ఎత్తినాక లేపు."

బస్సంతా నవ్వింది. ఆ సాయంత్రం మా ఆయన సైకిల్ అమ్మేస్తానన్నాడు. నొప్పి పెరిగితే తొక్కడం మానాల్సిందేనని డాక్టరు కూడా అన్నారు. మానితే మళ్ళీ నాలుగు గోడల మధ్యకే. వదిన నా వైపు చూసి, "నువ్వు ఏదైనా వరసగా చేస్తావు కదమ్మీ, ఇదేందో చూడు" అంది.

ఇద్దరం ఆవడికి పోయాం. అంగడాయన నిజమే చెప్పాడు: మీరు రేసు సంగతి అడిగారు గానీ మోకాలి సంగతి చెప్పలేదు కదా అని. ఈసారి వేరే రకం తీసి చూపించాడు. బూటు కూర్చున్నాక కూడా మడమ అటూ ఇటూ కొంచెం ఆడుతుంది. పాదం కింద వెడల్పు ఎక్కువ. స్ప్రింగు వదులు చేస్తే కాలు సులువుగా బయటికి వస్తుంది. అయితే బిగించేటప్పుడు మాత్రం, కాలు నేరుగా ఉంటేనే బలం, మెల్లగా అలవాటవుతుందని క్లీట్‌ను తిన్నగా పెట్టబోయాడు. వదిన అతని చెయ్యి ఆపింది.

"నా కాలు వంకర కాదు నాయనా. దాని తీరు అది. నువ్వు పెడల్ని కాలికి సరిచెయ్యి. కాలిని పెడల్‌కి వద్దు."

క్లీట్‌ను వాలుగా, కొంచెం మడమ వైపుకు జరిపి బిగించాడు. ఆ తర్వాత నా పద్ధతి నడిచింది. ఒకసారికి ఒక్క మార్పే. అదే దారిలో పోయి రావడం, రెండు రోజులు ఆగి మోకాలు ఏమంటుందో వినడం. స్ప్రింగు తర్వాత సీటు ఎత్తు చూశాం. పొద్దున మంచం దిగేటప్పటి నొప్పి పోలేదు. తొక్కేటప్పటి నొప్పి పోయింది. నా బూట్లకూ అదే వాలు పెట్టమంటే ఒప్పుకోలేదు. నీ మోకాలిని అడుగు, నన్ను కాదు అంది.

బూట్లను ఆమె వాకిట్లో విడిచేది కాదు. తుడిచి కిటికీలో పెట్టేది. తొక్కి వచ్చిన ప్రతిసారీ నాకు ఫోన్ చేసి ఒకే ముక్క చెప్పేది: "మోకాళ్ళు రెండూ ఇల్లు చేరినాయి." తిరుత్తణిలో గుడి ఉన్న కొండ రోడ్డు ఎక్కి దిగిన రోజున కూడా అంతే.

కర్మ అయ్యాక తిరుత్తణి ఇంట్లో మా పెద్దత్త వదిన చీరలతో పాటు ఆ బూట్లనూ మూటలో వేసింది. సైకిల్‌కు బేరం కూడా కుదురుతోంది. నేను బూట్లు బయటికి తీశాను. పోయినోళ్ళ చెప్పులు తొడగరాదు, ఈ ఏడు కొండెక్కరాదు, నీ సైకిల్ కూడా ఇంక చాలు అని పెద్దత్త వరసగా చెప్పింది. కొండెక్కినా గుడిలోకి పోను అన్నాను. మిగతా రెండిటికీ ఒప్పుకోలేదు. అక్క సైకిల్ మీద అంత కోపం పెట్టుకున్న మా ఆయన లేచి, బేరగాణ్ణి గేటు దాకా సాగనంపి వచ్చాడు.

వదిన సైజూ నా సైజూ ఒకటే. ఆమె బూట్లతో, ఆమె సైకిల్ మీద వీధి చివరిదాకా పోయేసరికి నా మోకాలు కాదంది. వెనక్కి వచ్చి మరలు వదులు చేశాను. మా ఆయన బూటు పట్టుకున్నాడు. క్లీట్‌ను నా పాదం తీరుకు తిప్పి బిగించాను.

కొండ రోడ్డు ఎక్కాను. గుడి వాకిలికి ఇవతలే ఆగి, మడమ పక్కకు తిప్పి, కాలు కింద పెట్టాను. కాసేపు నిలబడి దిగి వచ్చాను. వాకిట్లో మా ఆయన నిలబడి ఉన్నాడు.

"రెండూ ఇల్లు చేరినాయా?"

చేరాయన్నాను. బూట్లు తుడిచి, మా ఊరికి తెచ్చుకుని, మా కిటికీలో బోర్లా పెట్టాను. బూటు అడుగున క్లీట్ జరిగిన చోట, ఇన్నాళ్ళూ దుమ్ము తగలని నల్లటి గుర్తు ఒకటి బయటపడింది. వాలుగా, వదిన పాదం తీరుకు తిరిగి ఉంది. దాన్ని మాత్రం తుడవడం లేదు.